దంతవైద్యమున వాడు సిమెంటులు

సిమెంటు అను మాట వినగానే మనకు ఇండ్లు, వంతెనలు, కాలువల తూములు జ్ఞప్తికి వచ్చును. 1824లో ఇంగ్లండునందు జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు పోర్ట్‌లండు సిమెంటునకు హక్కుపత్రము పొందెను. అది మన దేశమునకు రాకపూర్వము మన గుళ్లును కోటలును సున్నముతోనే నిలిచినవి. సున్నమునకు ఇసుకయు, బెల్లపునీరును, కరక్కాయ కషాయమును చేర్చి గానుగలో నూరి గచ్చు చేసెడివారు. నేడు నేను మనవి చేయబోవు సిమెంటు ఇంటిది కాదు, నోటిది. పిప్పిపంటి గుంటలో దంతవైద్యుడు నింపునదియు, ఊడిన తొడుగును మరల అతుకునదియు సిమెంటే.

“పంటికి సిమెంటు పెట్టించుకొని వచ్చితిని” అని మన గ్రామములలో చెప్పుకొనుట వినుచుందుము. ఏ సిమెంటు అని అడిగినవారును లేరు, చెప్పినవారును లేరు. అన్నియు ఒకటే యనుకొందురు. అది నిజము కాదు. ఒక సిమెంటు ఏండ్ల తరబడి నిలుచుటకై చేయబడినది. మరియొకటి కొన్ని వారములలో తీసివేయుటకై చేయబడినది. ఈ భేదము తెలియక బాగుపడవలసిన పన్నును పోగొట్టుకొనువారు అనేకులు గలరు. అందుచేత ఈ విషయము వైద్యులకే గాక వైద్యుని వద్దకు పోవువారికి కూడ తెలిసియుండుట మంచిది.

పంటి సిమెంటులలో ఎక్కువ భాగము రెండు వస్తువుల కలయిక. ఒకటి పొడి, రెండవది ద్రవము. పొడి క్షారగుణము గలది. ద్రవము ఆమ్లగుణము గలది. వేర్వేరు సీసాలలో ఉన్నంతకాలము ఏమియు జరుగదు. కలిపిన తోడనే ఒకదానినొకటి పట్టుకొని, ముద్దయై, కొన్ని నిమిషములలో రాయివలె బిగియును. ఇంటి సిమెంటు గట్టిపడుటకు రోజులు కావలెను. నోరు తెరచి కూర్చున్న మనుష్యునకు అంత ఓపిక ఎక్కడిది? పైగా ఇది తడి ఎన్నడును ఆరని చోట, వేడి కాఫీయు చల్లని మజ్జిగయు ఒకదాని వెంట నొకటి వచ్చు చోట, చెరకు కొరుకునంతటి ఒత్తిడి పడు చోట నిలువవలెను. ఇంత కఠినమైన కొలువు మరి ఏ సిమెంటునకును లేదు.

పన్ను నిర్మాణమును గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. పైన కనబడు తెల్లని పొర పేరు ఎనామెలు. మన శరీరమున దానికంటె గట్టి పదార్థము లేదు. బరువులో నూటికి 96 పాళ్లు ఖనిజమే. దానికి నొప్పి తెలియదు. దాని క్రింద పసుపు చాయ గల డెంటిను అను పొర యున్నది. సూక్ష్మదర్శినితో చూచినచో అందులో లెక్కలేనన్ని సన్నని గొట్టములు కనబడును. అవి లోపలి మెత్తని గుజ్జువైపు పోవును. ఆ గుజ్జులో రక్తనాళములును నాడులును ఉండును. పంటిపోటు అనునది ఆ గుజ్జు పెట్టు మొర. పిప్పి ఎనామెలును దాటి డెంటినులో ప్రవేశించినప్పుడు చల్లనీరు తగిలిన జివ్వుమనును. గుజ్జును సమీపించినప్పుడు రాత్రి నిద్ర పట్టదు. వైద్యుడు పెట్టు సిమెంటు ఆ గొట్టముల నోళ్లపైననే కూర్చుండును. కావున అది గట్టిగా నుండుట మాత్రమే చాలదు. గుజ్జునకు అపకారము చేయనిదై కూడ ఉండవలెను. ఈ రెండు గుణములును ఒకే వస్తువునందు సమానముగా కుదురుట దుర్లభము. ఇన్ని రకముల సిమెంటులు పుట్టుటకు అదియే కారణము.

మన పెద్దలకు మిక్కిలి పరిచితమైన దానితో మొదలుపెట్టెదను. పంటిపోటు వచ్చినప్పుడు లవంగము కొరికి పట్టుటయు, లవంగనూనెలో దూది ముంచి పెట్టుటయు మన ఇండ్లలో తరతరములుగా ఉన్న ఆచారమే. ఆ నూనెలో నూటికి 70 మొదలు 90 పాళ్లవరకు యూజెనాలు అను పదార్థముండును. నొప్పిని మొద్దుబార్చునది అదియే. అయితే ఆ నూనెను ఊరక చిగురుపై పోసినచో పొక్కును; ఈ మాట లవంగనూనె సీసా ఇంటనున్న వారు మరువరాదు. ఈ నూనెను జింకు ఆక్సైడు అను తెల్లని పొడితో కలిపి నూరినచో వెన్నవంటి ముద్ద యేర్పడి క్రమముగా గట్టిపడును. ఆయుర్వేదమున యశదభస్మమను పేర వాడుక యందున్నది చాలవరకు ఈ పొడియే. పందొమ్మిదవ శతాబ్దపు తుదినుండి దంతవైద్యులు ఈ లవంగపు సిమెంటును వాడుచున్నారు. దీనియందొక విచిత్రమున్నది. ఇతర సిమెంటులకు తడి శత్రువు. దీనికి తడియే తోడు. గాజుపలకపై చాలసేపు మెత్తగా నుండు ముద్ద నోటి తడికిని వెచ్చదనమునకును త్వరలో బిగియును.

ఇది పంటికి సౌమ్యమైనది. గుంట లోతుగా నున్నను, గుజ్జు బయటపడనంతవరకు, దీనిని నింపిన పోటు తరచుగా ఆ పూటనే శాంతించును. కాని దీనికి బలము తక్కువ. నమలుడునకు అరుగును, ఉమ్మికి కొంచెము కొంచెముగా కరగును. అందుచేత వైద్యుడు దీనిని తాత్కాలికముగా పెట్టి, పన్ను శాంతించిన పిదప తీసివేసి, శాశ్వతమైన దానిని నింపదలచును. ఇక్కడనే చిక్కు వచ్చుచున్నది. నొప్పి పోయినది గదా యని రోగి మరల పోడు. వైద్యుని ఊరికి బస్సు ఖర్చు, ఒకనాటి కూలి, పొలముపని, పెండ్లిండ్లు – అడ్డములకు కొదువ లేదు. కొన్ని వారములకు ఆ మూత అంచులవద్ద విడును. ఆ సందున ఉమ్మియు, అన్నపు మెతుకులును, వానితో సూక్ష్మజీవులును చేరును. లోపల పిప్పి నిశ్శబ్దముగా సాగిపోవును. గుజ్జు చచ్చిన తరువాత కొంతకాలము పోటు కూడ ఉండకపోవచ్చును గనుక రోగికి ఏమియు తెలియదు. దవడ వాచి మరల పోవునప్పటికి, పలువురి విషయమున, పన్ను పెరికివేయుట తప్ప వేరు గతి మిగులదు. నా అభిప్రాయము దాచనేల? నొప్పివలన పోయిన పండ్లకంటె, నొప్పి ఆగుటవలన పోయిన పండ్లే ఎక్కువ యని నాకు తోచును.

కావున కుర్చీ దిగునప్పుడు నోట లవంగపు వాసన వచ్చుచున్నచో, పెట్టినది తాత్కాలికమా యని వైద్యుని అడుగుడు. ఏనాటికి మరల రావలెనో అడిగి ఆ తేదీని గోడమీది పంచాంగముపై గుర్తు పెట్టుకొనుడు. అట్లడుగుటవలన ఏ వైద్యుడును చిన్నబుచ్చుకొనడు.

తొడుగులను అతుకుటకు చిరకాలముగా పేరు వడసినది జింకు ఫాస్ఫేటు సిమెంటు. 1870ల చివర ఇది వాడుకలోనికి వచ్చెను. నేటికిని పూర్తిగా పోలేదు. దీని పొడిలో నూటికి 90 పాళ్లు జింకు ఆక్సైడు. మిగిలినదానిలో ముఖ్యమైనది మెగ్నీషియము ఆక్సైడు. ద్రవము భాస్వరామ్లము, అందు సుమారు మూడవవంతు నీరు. రెండింటిని కలిపినప్పుడు వేడి పుట్టును. ఆ వేడి ఎక్కువైన కొలది ముద్ద త్వరగా బిగిసి పనికిరాకపోవును. అందుకొరకే వైద్యుని సహాయకుడు దళసరి గాజుపలకను చల్లబరచి, దానిపై పొడిని చిన్న చిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును ద్రవమున కలుపుచు, ఉక్కు గరిటెతో వెడల్పుగా రాచుచుండును. చూచువారికి ఏదో కాలక్షేపము వలె కనబడును గాని, ఆ ఒకటిన్నర నిమిషమున తొందరపడినచో తొడుగు బ్రతుకే చెడును. పలకను మరీ చల్లబరచి దానిపై మంచు పట్టనిచ్చినను చెరుపే; ఆ నీటి బొట్లు ద్రవములో కలిసి పాళ్లు మారిపోవును. ద్రవపు సీసాకు మూత పెట్టుట మరచినను ఇదే ఫలము.

ఈ సిమెంటు పంటిని నిజముగా అంటుకొనదు. తాపీపనిలో రాతి గరుకులలో గచ్చు దూరి బిగిసినట్లు, పంటి గరుకులోనికిని తొడుగు లోపలి గరుకులోనికిని దూరి బిగియును. అందుచేత అది ఎంత పలుచగా నున్న అంత మేలు. రాయికి రాయి చక్కగా చెక్కి అమర్చినచోట గచ్చు పలుచగా చాలును. సందు పెద్దదైన కొలది గచ్చే వానకు కొట్టుకొనిపోవును. పంటి తొడుగు విషయమున ఆ పొర మిల్లీమీటరులో నలువదవ వంతు మించకూడదని ప్రమాణము. అది మన తలవెండ్రుక మందములో సగము కూడ కాదు. సరిగా కుదరని తొడుగును మంచి సిమెంటు కాపాడలేదు. దీనియందున్న మరియొక దోషము పులుపు. కలిపిన క్రొత్తలో దీని ఆమ్లత తీవ్రముగా నుండి, ఒకటి రెండు దినములలో శాంతించును. తొడుగు అతికించుకొన్న రాత్రి పన్ను కొంచెము జివ్వుమనుటకు కారణమిదియే. మూడవనాటికి కూడ తగ్గనిచో మాత్రము వైద్యునికి చెప్పవలెను.

ఇప్పుడు ఒక పరాజితుని కథ చెప్పెదను. ఇరువదవ శతాబ్దపు మొదటి సగమున ముందరి పండ్ల గుంటలను నింపుటకు సిలికేటు సిమెంటు అను దానిని వాడిరి. అది గాజుపొడిని భాస్వరామ్లముతో కలిపి చేయునది. పంటి రంగులో కలిసిపోవుటచే జనులకు ఇష్టమైనది. కాని ఉమ్మిలో కరగును. నోటితో ఊపిరి తీయువారికి ఎండి బీటలు వారును. క్రింద పరుపు వేయనిచో గుజ్జును చంపును. ఇన్ని దోషములున్నను దానియందొక గొప్ప గుణమును వైద్యులు గమనించిరి. సిమెంటు కరగిపోయి గుంట మరల తెరచుకొన్నను, ఆ గుంట అంచులవద్ద క్రొత్త పిప్పి అరుదుగా కనబడెను. కారణమేమి? గాజును కరగించునప్పుడు సులభముగా కరగుటకై ఫ్లోరైడు గల ఖనిజములను కలిపెడివారు. ఆ ఫ్లోరైడు సిమెంటునుండి కొద్ది కొద్దిగా ఊరి పంటి అంచులను గట్టిపరచుచుండెను. ఎవరును కోరకయే వచ్చిన మేలు ఇది. 1970ల తరువాత సిలికేటు సిమెంటు వాడుకనుండి తొలగిపోయెను గాని, అది నేర్పిన పాఠము మిగిలెను.

ఫ్లోరైడు మాట వినగానే మన ప్రాంతపు పెద్దలలో కొందరు ఉలికిపడుదురు, అది సహజమే. మన దేశమున నీటిలోని ఫ్లోరైడువలన కలుగు ఎముకల వ్యాధిని మొట్టమొదట 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములనుండియే వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ జిల్లా పడిన బాధ అందరెరిగినదే. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఏండ్ల తరబడి దినదినము కడుపులోనికి పోవు నీటి సంగతి వేరు; పంటి గుంటలో చిటికెడు సిమెంటునుండి ఊరు అత్యల్పమైన అంశము సంగతి వేరు. అదియు గాక, పండ్లపై గోధుమరంగు మచ్చలు పడుట చిన్నతనమున దవడలో పండ్లు తయారగుచున్నప్పుడే జరుగును. మొలచిన పంటికి సిమెంటువలన ఆ మచ్చలు రావు. కనుక ఆ భయముచే మంచి సిమెంటును వద్దనవలసిన పని లేదు.

1968లో మాంచెస్టరునందు డెనిస్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు భాస్వరామ్లమునకు బదులు పాలీయాక్రిలికామ్లమను జిగట ద్రవమును జింకు ఆక్సైడుతో కలిపెను. దానికి పాలీకార్బాక్సిలేటు సిమెంటని పేరు. పంటిని నిజముగా అంటుకొన్న మొదటి సిమెంటు ఇదియే. పంటిలోని కాల్షియముతో ఆ ఆమ్లము ముడివడును. దాని అణువులు పెద్దవి గనుక డెంటిను గొట్టములలో దూరి గుజ్జును బాధింపవు. అది ఉక్కు పనిముట్లను కూడ అంతే ప్రేమతో అంటుకొనును. పని ముగిసిన వెంటనే కడుగని సహాయకునకు ఆ సంగతి అనుభవమే చెప్పును.

తరువాత వచ్చినది మన గ్రామములకు అన్నిటికంటె ముఖ్యమైనది. లండనులోని ప్రభుత్వ రసాయనశాలయందు అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ అను వారిరువురు సిలికేటు సిమెంటులోని గాజుపొడిని, స్మిత్ వాడిన ఆమ్లమును జతపరచిరి. 1969 ప్రాంతమున జరిగిన ఈ పని 1970ల ఆరంభమున ప్రకటితమయ్యెను. దీని పేరు గ్లాస్ అయానమరు సిమెంటు. ఇసుకలోని సిలికాను, అల్యూమినాను, ఫ్లోరైడు ఖనిజమును వెయ్యి డిగ్రీలకు మించిన వేడిలో కరగించి గాజు చేసి, దానిని మైదాకంటె మెత్తగా నూరుదురు. సిలికేటునుండి దీనికి ఫ్లోరైడు గుణము వచ్చెను. పాలీకార్బాక్సిలేటునుండి పంటిని అంటుకొను గుణము వచ్చెను. తల్లిదండ్రులిరువురి మంచియు బిడ్డకు వచ్చినట్లు అరుదుగా జరుగును గదా!

ఇది ఫ్లోరైడును మొదటి దినమున ఎక్కువగాను, పిదప స్వల్పముగాను చాలకాలము విడుచుచుండును. ఫ్లోరైడు గల పండ్లపొడితోగాని ముద్దతోగాని పండ్లు తోముకొన్నప్పుడు తిరిగి కొంత పీల్చుకొనును కూడ. వేడికిని చలికిని ఇది సాగు కొలత పంటి కొలతకు సమీపమైనది గనుక అంచులు విడుట తక్కువ. దీని బలహీనత పెళుసుదనము. రాతిపై కుండవలె, గట్టి ఒత్తిడి పడిన అంచు విరుగును. దవడపండ్ల నమలుడునకు క్రమముగా అరుగును. అందుచేత పెద్దగుంటకు, రెండు ముఖములు పోయిన దవడపంటికి, ఇదొక్కటే చాలదని వైద్యులందురు.

దీని నడతలో రోగి తెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు. నాలుగైదు నిమిషములలో పైకి గట్టిపడినట్లు కనబడినను, లోపల పాకము పూర్తి కాదు. మొదటి ఒకనాడు ఇది మిక్కిలి సుకుమారము. ఉమ్మి తగిలిన, గట్టిపడవలసిన ఖనిజములే కరగిపోవును. ఎండిన, బీటలు వారును. క్రొత్తగా చేసిన గచ్చునకు ఎండ తగులకుండ గోనె తడిపి కప్పుట మీరెరుగుదురు. ఇక్కడ తడియు ఎండయు రెండును తగులకుండ వాసెలినుగాని వార్నీషుగాని పూయుదురు. నోట దూది చుట్టలు పెట్టి, మాటలాడవద్దు, నాలుకతో తడుమవద్దు అని వైద్యుడు గద్దించునది అధికారము చూపుటకు కాదు. ఆ పూట ఆ వైపున గట్టి పదార్థములు నమలక, మరునాటివరకు ఓపిక పట్టుట రోగి వంతు. వక్కలు కొరుకు అలవాటు గలవారికి ఇది కష్టమే. ఒకనాటికి తాంబూలము దంచుకొని రెండవ వైపున వేసికొనవచ్చును.

ఈ సిమెంటువలన ఒక క్రొత్త పద్ధతి పుట్టెను. 1980ల నడుమ ఆఫ్రికాఖండపు టాంజానియా దేశమున, విద్యుచ్ఛక్తి లేని గ్రామములలో, పన్ను పెరుకుట తప్ప వేరు వైద్యము లేని స్థితిని చూచి ఫ్రెంకెన్ అను డచ్చి దంతవైద్యుడు ఒక ప్రయత్నము చేసెను. తిరుగు యంత్రము లేకుండ, చెంచావంటి చిన్న చేతి పనిముట్లతో మెత్తబడిన పిప్పిని మాత్రము గీకి తీసి, గట్టి భాగమును ముట్టక, గ్లాస్ అయానమరు ముద్దను నింపి, వాసెలిను రాచిన వ్రేలితో అదిమి వేయుట ఆ పద్ధతి. సామాన్యముగా సూదిమందు అవసరముండదు. రోగి బల్లపై పండుకొనినను పని జరుగును. థాయిలాండు గ్రామములలో 1991లో దీనిని విస్తృతముగా పరీక్షించిరి. 1994 ఏప్రిలు 7వ తేదీ ప్రపంచ ఆరోగ్య దినమున ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని లోకమునకు పరిచయము చేసెను. ఒక్క ముఖముననే పిప్పి యున్న పండ్లలో ఇది చక్కగా నిలుచుచున్నదనియు, రెండు ముఖములు పోయినచోట అంతగా నిలువదనియు అనుభవమున తేలినది. 2021లో ఆ సంస్థ తన ఆవశ్యక ఔషధముల పట్టికలో గ్లాస్ అయానమరు సిమెంటును చేర్చెను. జ్వరపు మందులతోను, పాముకాటు మందుతోను కలిసి పంటి సిమెంటు ఆ పట్టిక కెక్కుట చిన్న విషయము కాదు. మీ గ్రామపు బడికి దంతవైద్య శిబిరము వచ్చి, యంత్రము లేకుండనే పిల్లల పండ్లు బాగుచేసినచో, అది పేదవారికి చేయు నాసిరకపు పని యని తలంపవలదు. పిల్లవానిని పంపుడు.

రెజిను సిమెంటులను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. 1955లో అమెరికాలో మైకేల్ బువొనొకోర్ అను దంతవైద్యుడు భాస్వరామ్లముతో ఎనామెలును కొంచెము గరుకుచేసి, దానిపై రెజినును నిలుపవచ్చునని చూపెను. నేడు పింగాణీ తొడుగులను అతుకుటకు వాడు రెజిను సిమెంటులకు ఆ గరుకే ఆధారము. వీనిలో కొన్ని నీలికాంతి చూపినంతనే బిగియును; ఆ దీపమువైపు తేరిచూడరాదు. ఇవి అన్నిటికంటె బలమైనవి, ఉమ్మిలో కరగనివి, ఖరీదైనవి. పని జరుగునప్పుడు ఒక్క ఉమ్మిచుక్క తగిలినను పట్టు తప్పును. లవంగపు సిమెంటుకును వీనికిని పొత్తు కుదరదు. యూజెనాలు రెజినును సరిగా గట్టిపడనీయదు. కావున తొడుగు వేయించుకొనబోవునాడు పంటిపై లవంగనూనె పూసికొని పోయినచో ఆ మాట వైద్యునికి ముందుగనే చెప్పవలెను.

మరల సున్నమువద్దకు వత్తము. గుంట మిక్కిలి లోతై గుజ్జు కనబడునంత పని అయినప్పుడు, పై సిమెంటునకు ముందుగా ఒక పలుచని పరుపు వేయుదురు. 1920లో జర్మనీ దేశీయుడగు హెర్మన్ దీనికి కాల్షియము హైడ్రాక్సైడును ప్రవేశపెట్టెను. పేరు క్రొత్తదైనను వస్తువు మనకు పాతదే. తమలపాకునకు రాచుకొను తడిసున్నమే అది. దాని తీక్ష్ణమైన క్షారగుణము సూక్ష్మజీవులను చంపి, గుజ్జును క్రొత్త డెంటిను పొరను కట్టుకొనునట్లు ప్రేరేపించును. అట్లని తాంబూలపు సున్నమును పంటి గుంటలో ఎవరును పెట్టుకొనరాదు. అది చిగురును బుగ్గను కాల్చును, పిప్పిపై మూతవేసి రోగమును దాచును. వైద్యుడు వాడునది శుద్ధమైనది, ఆవగింజ ప్రమాణము, పిప్పిని తీసివేసిన తరువాత మాత్రమే.

ఆ సున్నపు పరుపు కాలక్రమమున కరగుచుండుట లోపముగా నుండెను. 1993లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి లోమా లిండా విశ్వవిద్యాలయమున మహమూద్ తొరాబినెజాద్ అను ఆచార్యుడు ఒక క్రొత్త వస్తువును వైద్యలోకమున ప్రవేశపెట్టెను. దానిని ఎం.టి.ఎ. అందురు. దానిలో నూటికి 75 పాళ్లు ఏమనుకొన్నారు? తాపీపనివాడగు ఆస్ప్‌డిన్ పేరుపెట్టిన పోర్ట్‌లండు సిమెంటే. ఎక్సురేలో కనబడుటకై 20 పాళ్లు బిస్మతు ఆక్సైడును, 5 పాళ్లు జిప్సమును చేర్చిరి. నీటితో గట్టిపడు గుణమే ఇక్కడ ఉపకరించెను. రక్తపు తడియున్నచోట, పంటి వేరు కొసయందు, ఇతర సిమెంటులు నిలువనిచోట ఇది నిలిచెను. గట్టిపడుటకు గంటలు పట్టును. ఇంటి సిమెంటు బస్తాలోని దానికిని దీనికిని శుద్ధిలో హస్తిమశకాంతరము.

ఇక తొడుగు ఊడి చేతిలోనికి వచ్చినప్పుడు ఏమి చేయవలెనో చెప్పి ముగించెదను. మన ఊళ్లలో పలువురు అంగడిలో దొరకు శీఘ్రజిగురును తొడుగులో వేసి తామే నొక్కుకొనుచున్నారు. అది చెప్పులకును బొమ్మలకును చేసిన వస్తువు. క్షణములో పట్టుకొనును గనుక తొడుగు వంకరగా కూర్చున్నను సరిచేయు వ్యవధి ఉండదు. అప్పటినుండి నోరు మూసిన ప్రతిసారి ఆ పన్నే ముందు తగులుచు నొచ్చును. లోపల మిగిలిన పాతసిమెంటును పిప్పియు ఆ జిగురు క్రింద చిక్కుకొనిపోవును. తరువాత తీయవలెనన్న తొడుగును కోయవలసి వచ్చును. అట్లు గాక, ఊడిన తొడుగును మంచినీట కడిగి, చిన్న డబ్బీలో భద్రపరచుడు. దానిని నోట పెట్టుకొని నిద్రింపరాదు, గొంతున దిగును. ఆ పంటితో గట్టివి నమలక, మెత్తని కుంచెతో శుభ్రముగా ఉంచి, వీలైనంత త్వరలో డబ్బీతో సహా వైద్యునివద్దకు పొండు. ఆయన పాతసిమెంటును గీకివేసి, తొడుగును పంటిపై నిలిపి చూచును. చక్కగా కూర్చున్నచో తరచుగా ఆ పూటనే అతికి పంపును. కూర్చుననిచో లోపల పన్ను పిప్పియైనదో విరిగినదో అయియుండును. అప్పుడు పని మొదటినుండి చేయవలసియుండును.